మోటుపల్లి తీరాన నేను కట్టిన పార్కు

నల్లగొండ, మే నెల, ఆదివారం

అన్న కొడుకు పొద్దున టిఫిను దగ్గర కూర్చుని, సెలవులు అయిపోయేలోగా తనను వండర్‌లా వినోద పార్కుకో సముద్రానికో తీసుకుపోవాలని పట్టుబట్టాడు. రెండూ ఒకేచోట ఉంటే ఖర్చు కలిసొస్తుందని సలహా కూడా ఇచ్చాడు. ఇంటిపని చేసుకుంటూ రోజంతా అలాంటి పార్కును ఊహలోనే కట్టి చూశాను కానీ, సముద్రం పక్కన మళ్ళీ అదే పార్కు కట్టడం దండగనిపించింది. నీటి జారుడుబల్లలూ రంగులరాట్నాలూ మాకు హైదరాబాదు శివారు రావిర్యాలలో 2016 నుంచే ఉన్నాయి. వాటి కోసం వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ళ, నరసరావుపేటల మీదుగా బాపట్ల దాకా ఈ ఊరి నుంచి ఎవరు పోతారు? సముద్రం ఒడ్డున తప్ప మరెక్కడా కుదరని పార్కయితేనే పోతారు.

నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో కట్టి 2022లో ప్రారంభించిన మా జిల్లా బౌద్ధ శిల్పాల పార్కు బుద్ధవనం అక్కడ అతికినట్లుండడానికి కారణం, ఆ లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండడమూ, జలాశయం నిండకముందే ఆ శిథిలాలను తవ్వితీసి నాగార్జునకొండ మీదికి చేర్చడమూను. కథ ముందునుంచీ ఆ నేలలో ఉంది, శిల్పాలు తర్వాత వచ్చాయి. తీరంలో అలాంటి నేల ఏదని ఆలోచిస్తే నాకు మొదట తట్టింది మోటుపల్లి.

ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. సముద్రానికి ఇంత దూరాన ఓరుగల్లులో ఉండి ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారనీ, తాను మాత్రం ముప్పైకి ఒకటి చొప్పున సుంకం తప్ప మరేమీ ముట్టననీ అందులో మాట ఇచ్చాడు. శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, మిరియాలు ఆ సరుకుల పట్టీలో ఉన్నాయి. ఆ శతాబ్దం చివరలో వచ్చిన మార్కోపోలో ఆ రేవు పేరుతోనే ఈ రాజ్యాన్ని వర్ణించి, ఇక్కడి వస్త్రాలను సాలెగూటి దారంతో పోల్చాడు. కాకతీయుల పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలు రామప్ప దగ్గర కళ్ళు పెద్దవి చేస్తారు, ఈ శాసనం దగ్గర ఆవులిస్తారు. తప్పు శాసనానిది కాదు, దానిని చదివించే పద్ధతిది.

కాబట్టి నా పార్కు ముఖద్వారం ఒక సుంకం కొట్టు. లోపలికి వచ్చే ప్రతి పిల్లవాడికీ ఒక చిన్న మూట ఇస్తారు, వాడు లెక్క కట్టి సుంకం చెల్లించాకే లోపలికి పోవాలి. మధ్యాహ్నం దీన్ని మా వాడి మీదనే పరీక్షించాను. గడప దగ్గర పీట వేసుకుని నేను సుంకరినై కూర్చుంటే, వాడు ముప్పై చింతగింజలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టి దర్జాగా లోపలికి పోయాడు. మరుసటిసారి కావాలనే ఇరవై తెచ్చి, "ఇప్పుడెంత ఇయ్యాలె అత్తమ్మా, గింజను కోస్తవా?" అన్నాడు. తూచి తీసుకుంటానన్నాను కానీ మా వంటింట్లో త్రాసు లేదు. పార్కులో మాత్రం త్రాసు తప్పకుండా పెట్టాలి.

సుంకం కొట్టు దాటాక శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద కనిపించే రెండు తెరచాప కొయ్యల ఓడను నిజమైన కొలతల్లో కొయ్యతో కట్టి నిలబెట్టాలి. మోటారు ఉండకూడదు. పిల్లలే తాళ్ళు లాగి చాపను గాలికి తిప్పాలి, గాలి లేకపోతే ఊరికే కూర్చోవాలి. దాని వెనుక రేవు హెచ్చరికల స్తంభం ఉంటుంది. నిజాంపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరవేశారని వార్తల్లో వింటామే తప్ప, ఒకటి నుంచి పదకొండు దాకా ఒక్కో నంబరుకూ అర్థమేమిటో మా వైపు ఎందరికి తెలుసు? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది ఆ బాపట్ల దగ్గరే కనుక, ప్రదర్శనశాలను తుఫాను వచ్చినప్పుడు ఊరివాళ్ళు తలదాచుకునేంత గట్టిగా కట్టాలి.

అన్నిటికన్నా నా మనసు నిలిచింది ఈత కొలను మీద. మా పల్లెల్లో మగపిల్లలు నడుముకు మునగబెండు కట్టుకుని బావుల్లో ఈత నేర్చుకుంటారు. బావి నీళ్ళు నిలకడగా ఉంటాయి, చెయ్యి చాస్తే గట్టు అందుతుంది. ఆ ధైర్యంతోనే సూర్యలంకలోనో వాడరేవులోనో సముద్రం లోపలికి పోతారు, మర్నాడు పేపర్లో ఫొటోలు పడతాయి. విరిగిన అల నీరు సన్నని పాయగా వెనక్కి తిరిగేటప్పుడు మనిషిని లోపలికి లాగుతుంది. దానికి ఎదురీది అలసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి. నడుములోతు కొలనులో పంపులతో అలాంటి పాయను పుట్టించి, గజ ఈతగాళ్ళ చేతుల్లో పిల్లలచేత నాలుగుసార్లు చేయించాకే సముద్రం వైపు తలుపు తెరవాలి. ఆ కొలనును ఉప్పునీటితోనే నింపాలి. అక్కడ బోర్లు వేసి మంచినీళ్ళు అతిగా తోడితే, భూమిలో ఉప్పునీరు ముందుకు జరిగి ఊరి బావులు చెడతాయి. ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళూ ఎముకలూ పాడైన జిల్లాలో పుట్టినదాన్ని, ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

అన్న భోజనాల దగ్గర ఇదంతా విని, "చెల్లె, జీతాలు ఎవరు ఇస్తరు?" అన్నాడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున కట్టేసి ఉండే ఆ రోజుల్లోనే మా పిల్లలకు సెలవులు. ప్రభుత్వం ఇచ్చే భృతికి తోడు ఆ రెండు నెలలూ ఓడ నడిపించేదీ, వల అల్లి చూపించేదీ, కొలను కాసేదీ మత్స్యకారులైతే, టిక్కెట్టు సొమ్ము అక్కడి పల్లెలకే పోతుంది. కట్టడాలన్నీ ఒడ్డుకు 200 మీటర్లు వదిలి సరుగుడు తోటల వెనుక ఉండాలి. శీతాకాలం చివర తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద దీపాలు పడకూడదు, ఎందుకంటే గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుతురును చూసి సముద్రానికి బదులు రోడ్డు పడతాయి. ఒడ్డుకు పోవడానికి మాత్రం టిక్కెట్టు ఉండరాదు. అన్నకు ఇదొక్కటీ నచ్చలేదు.

ఇక మిగిలింది ప్రయాణం. నల్లగొండ మీదుగా పోయే నారాయణాద్రి రైలు మమ్మల్ని చీరాలలో దింపేది రాత్రివేళ, పిల్లలతో ఆ వేళకు లాడ్జీలు వెతుక్కోవడం కష్టం. అందుకని స్టేషను నుంచి పార్కుకు ఒక బస్సు, పార్కులో తెల్లవారేదాకా పడుకోవడానికి ఫ్యాన్లున్న పెద్ద హాలు, ఆడవాళ్ళకు వేరుగా స్నానాల గదులు అని కాగితం మీద చేర్చాను. వదిన చూసి, హాలులో దోమతెరలు కూడా రాయమంది.