పొణికి చెక్కతో పొడుగు నాలుక గబ్బిలాలు: నాలుగో నెల దాకా

విజయవాడ పటమటలో మా డాబా ఊడుస్తుంటే పొద్దున్నే సగం కొరికిన బాదం కాయలు దొరుకుతాయి. పక్కింటి బాదం చెట్టుకు రాత్రిపూట గబ్బిలాలు వస్తాయి. మన దగ్గర మామూలుగా కనబడే పొట్టిముక్కు పండ్ల గబ్బిలం, సైనాప్టెరస్ స్ఫింక్స్. వాటి కోసం చదవడం మొదలుపెట్టి, చివరికి తేనె తాగే పొడుగు నాలుక గబ్బిలాల దగ్గర ఆగిపోయాను. వాటిలో ఒక్కదాన్నీ నేను కంటితో చూడలేదు. అందుకే వాటి అసలు కొలతల్లోనే బొమ్మలు చేసి బల్ల మీద పెట్టుకోవాలని సంక్రాంతి వెళ్లాక ఈ పని మొదలుపెట్టాను.

మొదటి నెల

కొండపల్లి వెళ్లి తెల్ల పొణికి ముక్కలు తెచ్చుకున్నాను. బొమ్మలు చేసే ఒక పెద్దాయన నా కాగితం మీద బొమ్మ చూసి, "ఏమ్మా, దేహం, తల విడివిడిగా చెక్కి మక్కుతో అతికించు. ఒకే ముక్కలో చెక్కితే మెడ దగ్గర విరుగుద్ది" అన్నారు. ఆ మాట వినకుండా మొదటి బొమ్మ ఒకే ముక్కలో చెక్కాను. సరిగ్గా మెడ దగ్గరే విరిగింది. ఇప్పుడు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకుంటున్నాను. దాని మీద సున్నం పూత, ఆపైన రంగు. సున్నం పూశాక ఎండలో పెట్టొద్దు, నెర్రెలిస్తుంది. నీడన రెండు రోజులు ఆరితే చాలు.

కొలతలకు ఒక కిటుకు దొరికింది. గబ్బిలాల మీద పనిచేసేవాళ్లు ముందు ముంజేతి పొడవు కొలుస్తారు. అది తెలిస్తే రెక్క మొత్తం లెక్క కట్టుకోవచ్చు. అమెరికా ఖండపు తేనె గబ్బిలం గ్లాసోఫాగా సోరిసినాకు ముంజేయి సుమారు 3.5 సెంటీమీటర్లు. బరువు పది గ్రాములు. మన బాదం చెట్టు గబ్బిలానికి ముంజేయే 7 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే గ్లాసోఫాగా పిల్లలా కనబడుతుంది.

రెండో నెల: రెక్కలు

వేలి ఎముకలకు ముందు వెదురు పుల్లలు వాడాను, వంచితే చిట్లాయి. ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసేచోట తెచ్చిన రాగి తీగ బాగా కుదిరింది. చర్మానికి పాత గొడుగు గుడ్డ. ఫెవికాల్ పల్చగా రాసి, గుడ్డను పిన్నులతో లాగి పట్టి ఉంచాలి, లేకపోతే ముడతలు పడుతుంది.

ఈ నెలలో ఒక తప్పు చేశాను. ఆగ్నేయాసియాలో దురియన్ పూలకు వచ్చే తేనె గబ్బిలం ఇయోనిక్టెరిస్ స్పెలియాకు రెండో వేలి చివర గోరు పెట్టాను. పండ్ల గబ్బిలాల కుటుంబంలో చాలావాటికి ఆ గోరు ఉంటుంది కదా అని. దీనికి మాత్రం ఉండదు! రంగు కూడా వేసేశాక తెలిసింది. గీకి, మళ్లీ సున్నం పూయాల్సి వచ్చింది. గ్లాసోఫాగాకేమో ముక్కు మీద చిన్న ఆకులాంటి చర్మం పెట్టాలి, పాత ప్రపంచపు (ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా వైపు) తేనె గబ్బిలాలకు అది లేదు. రెండు కుటుంబాలు వేరు, పొడుగు నాలుక మాత్రం రెండింటిలోనూ విడివిడిగా వచ్చింది.

మూడో నెల: నాలుక

నెలంతా దీనికే సరిపోయింది. ఈక్వెడార్ కొండ అడవుల్లో అనూరా ఫిస్టులాటా అనే గబ్బిలం ఉంది. 2005లో కొత్త జాతిగా వర్ణించారు. కింది పెదవి గొట్టంలా ముందుకు పొడుచుకొస్తుంది. ఒళ్లు అయిదారు సెంటీమీటర్లు, నాలుక చాచితే 8.5 సెంటీమీటర్లు. దాని దగ్గరి చుట్టాలైన మిగతా అనూరాలకు నాలుగు సెంటీమీటర్లకు అటూఇటూ. దాన్ని వర్ణించినవాళ్లలో ఒకరైన నేథన్ ముచ్చాలా స్ట్రాలో చక్కెర నీళ్లు పోసి, ఎంత లోతు దాకా తాగుతుందో చూసి కొలిచారు. ఈ గబ్బిలం తేనె తాగే సెంట్రోపోగాన్ నైగ్రికాన్స్ అనే పువ్వు గొట్టం కూడా ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది.

నాలుక లోపలికి బయటికి జారేలా చేద్దామనుకున్నాను. నోటి నుంచి రొమ్ము దాకా సన్న డ్రిల్లుతో రంధ్రం చేసి, తీగకు దారం చుట్టి దూర్చాను. తీగ వీపు వైపు బయటికొచ్చింది. 8.5 సెంటీమీటర్ల తీగ అంత చిన్న ఒంట్లో ఎలా దాగుతుంది? రెండు రోజులు దాన్ని పట్టుకుని కూర్చున్నాక అర్థమైంది. నాలుక కండరం, తీగ కాదు. లోపల ఉన్నప్పుడు పొట్టిగా, లావుగా ఉంటుంది. సన్నబడుతూ పొడుగవుతుంది. అయినా నోట్లో పట్టదు, మొదలు పక్కటెముకల గూట్లోకి దిగి, రొమ్ము ఎముకకూ గుండెకూ మధ్య ఉంటుంది.

అందుకని రెండు బొమ్మలు చేశాను. ఒకటి నాలుక చాచింది. ఇంకోదానికి రొమ్ము పక్కన కిటికీలా తొలిచి, పక్కటెముకలు, ఎర్రగా గుండె, దాని పక్కన లావుపాటి నాలుక మొదలు చూపించాను. ఇప్పటిదాకా చేసినవాటిలో నాకు ఇష్టమైంది ఇదే.

గ్లాసోఫాగా నాలుక కొన వేరు. వెంట్రుకల్లాంటి బొడిపెల్లోకి రక్తం నిండి అవి నిక్కబొడుచుకుంటాయి, తేనెను తుడుపుగుడ్డలా పట్టుకొస్తాయి. ఈ సంగతి 2013లో బయటపడింది. పాత పెయింటింగ్ బ్రష్ కుచ్చు కత్తిరించి కొనకు అతికించాను. లాంకోఫిల్లా అనే ఇంకో అమెరికా తేనె గబ్బిలం నాలుకకు ఆ కుచ్చు ఉండదు, రెండు పక్కలా గాళ్లుంటాయి. తేనె ఆ గాళ్ల వెంట పైకెక్కుతుంది. ఈ గాళ్లు సూదితో గీశాను గానీ రంగు వేశాక పూడిపోయాయి. మళ్లీ చేయాలి.

నాలుగో నెల

నిలబెట్టే పద్ధతి తేల్చాను. గ్లాసోఫాగా, అనూరా గాల్లో రెక్కలాడిస్తూ పువ్వు ముందు నిలిచి తాగుతాయి కాబట్టి వాటిని సన్న తీగతో వేలాడదీశాను. ఆగ్నేయాసియా నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉండే మాక్రోగ్లాసస్ మినిమస్ అనే తేనె గబ్బిలం పువ్వు మీద వాలి పట్టుకుని తాగుతుంది. దీనికి అరటిపువ్వు కావాలి. రైతుబజార్లో కొన్న పువ్వు రెండు రోజుల్లో నల్లబడింది, డొప్ప ఎంత ఎత్తున లేస్తుందో అందులో తెలియలేదు. ఈ ఆదివారం సాయంత్రం స్కేలు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి తీసుకుని తాడేపల్లి వైపు అరటి తోటకు వెళ్తున్నాను. తోట రైతు ఒప్పుకున్నారు, పాముల భయంతో గమ్ బూట్లు మాత్రం వేసుకురమ్మన్నారు.