మా పాప స్కూల్లో కూచిపూడి

నిన్న మా పాప చదివే స్కూలుకి కూచిపూడి ఊరి నుంచి ఒక కళాకారుడు వచ్చారు, తల్లిదండ్రుల్నీ రమ్మన్నారంటే ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్లాను. మేకప్ లేదు, నగల్లేవు, పంచె మీదే ఉన్నారు. ఒక పొడుగాటి కట్టుడు జడ భుజం మీంచి ముందుకు వేసుకుని ఓరగా చూసేసరికి ఎదురుగా సత్యభామే! మగపిల్లలు మొదట కిసుక్కుమన్నారు గానీ, ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారని, సత్యభామ వేషానికి పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చిందని చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నారు.

తర్వాత తరంగం. ఇత్తడి పళ్లెం అంచుని పాదాలతో బిగించి పట్టి, తాళం తప్పకుండా పళ్లెంతో సహా ముందుకు జరుగుతుంటే ఒళ్లు పులకరించింది.

వెంపటి చినసత్యంగారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది మన చెన్నైలోనే కదా, అలాంటి ఊళ్లో పెరుగుతూ మన పిల్లలు కూచిపూడిని ఫోన్లో తప్ప చూడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ప్రతి స్కూలూ ఏడాదికోసారైనా ఇలా ఒకరిని పిలవాలి, శాలువాతో సరిపెట్టకుండా మంచి పారితోషికం ఇవ్వాలి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నేను అడగబోతున్నాను, ఇక్కడున్న తెలుగువాళ్లు మీ పిల్లల స్కూళ్లలో కూడా అడగండి.