అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ చూడటానికి ఏ టీవీ సర్వీసు తీసుకోవాలి?

పిల్లలను పైచదువులకు అమెరికా పంపిన ఇళ్ళు హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్ళినా కనిపిస్తాయి. ఆ పిల్లలు ఆగస్టులో అక్కడ దిగి, గది కుదుర్చుకుని, బ్యాంకు ఖాతా, ఫోన్ కనెక్షన్ వంటి పనులు ముగించుకునేసరికి నెలాఖరు వస్తుంది, సరిగ్గా అప్పుడే కాలేజీ ఫుట్‌బాల్ (మనం ఇక్కడ ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) సీజన్ మొదలవుతుంది. నేను కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చదువుకుని, తిరిగి వచ్చి తార్నాకలో స్థిరపడ్డాను. మా అక్క కూతురు ఇప్పుడు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తోంది. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం శనివారం నాడు నిండిపోయే ఊళ్ళో ఉంటూ ఆ ఆటను పట్టించుకోకుండా ఉండటం కష్టం. అందుకే రూమ్మేట్లతో కలిసి ఏదైనా టీవీ సర్వీసు తీసుకోవాలనుకుని, “మామయ్యా, ఒకదాంట్లో వందకు పైగా ఛానెళ్ళు వస్తాయట, తీసుకోమంటావా?” అని నాకు ఫోన్ చేసింది. ఆమెకు చెప్పిన సమాధానాన్నే, ఇదే ప్రశ్న వేసే మరికొందరి కోసం, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఛానెళ్ళ సంఖ్యను చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త టారిఫ్ అమలులోకి వచ్చినప్పుడు మన కేబుల్ ఆపరేటర్లు ఇంటింటికీ ఇచ్చిన ఫారాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక్కొక్క ఛానెల్ పేరు, దాని ఎదురుగా నెలవారీ ధర, పక్కన టిక్కు పెట్టడానికి గడి ఉండేవి. అప్పటిదాకా వచ్చినవన్నీ చూసిన మనం, మనకు కావలసిన కార్యక్రమం ఏ ఛానెల్‌లో వస్తుందో ఆ ఫారం ముందు కూర్చుని మొదటిసారి ఆలోచించవలసి వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్ విషయంలోనూ అడగవలసిన ప్రశ్న అదే, కానీ దానికి సమాధానం మన క్రికెట్‌లో దొరికినంత సులువుగా దొరకదు.

మన దేశంలో జరిగే భారత జట్టు మ్యాచ్‌ల హక్కులను బీసీసీఐ ఒక్కటే అమ్ముతుంది కాబట్టి, కొన్నది ఎవరో తెలిస్తే చాలు. అమెరికాలో కూడా ఒకప్పుడు పరిస్థితి అలాగే ఉండేది. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో ఎన్.సి.ఏ.ఏ. అనే జాతీయ సంస్థే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు దానిపై కోర్టుకు వెళ్ళగా, ఆ అదుపు వ్యాపార పోటీకి సంబంధించిన చట్టానికి విరుద్ధమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత అమ్మకం యూనివర్సిటీల చేతికి, వాటి కూటములైన కాన్ఫరెన్సుల చేతికి వచ్చింది. ఇవాళ్టి గజిబిజికి మూలం అక్కడే ఉంది. ఒక్కో కాన్ఫరెన్సు తనకు నచ్చిన ప్రసార సంస్థలతో విడిగా ఒప్పందం చేసుకుంటుంది కాబట్టి, అన్ని జట్ల ఆటలూ ఒక్క చోటే చూపించే ఛానెల్ లేదు.

అందుచేత మొదట తెలుసుకోవలసింది మన యూనివర్సిటీ ఏ కాన్ఫరెన్సులో ఉందన్నది. టెక్సస్ 2024 జులైలో ఓక్లహోమాతో పాటు ఎస్.ఈ.సి. (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్సు)లో చేరింది. అదే ఏడాది నుంచి ఎస్.ఈ.సి. హక్కులన్నీ డిస్నీ సంస్థకు చెందిన ఈఎస్‌పీఎన్, ఏబీసీ ఛానెళ్ళవే. ఒహాయో స్టేట్ ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్సు హక్కులను 2023 నుంచి ఏడేళ్ళకు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ పంచుకున్నాయి. మన తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే అరిజోనా స్టేట్ 2024లో బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్సులో చేరింది, దాని ఆటలు ప్రధానంగా ఈఎస్‌పీఎన్, ఫాక్స్ మధ్య ఉంటాయి. నోటర్ డామ్ యూనివర్సిటీ ఏ ఫుట్‌బాల్ కాన్ఫరెన్సులోనూ చేరకుండా, తన సొంతగడ్డ ఆటలను 1991 నుంచీ ఎన్‌బీసీకే ఇస్తోంది. మనవాళ్ళు వందల సంఖ్యలో చేరే డాలస్ ప్రాంతపు యూటీ డాలస్‌కు అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు, కాబట్టి అక్కడి పిల్లలు తమకు నచ్చిన జట్టును ముందుగా ఎంచుకుని ఆ తర్వాతే టీవీ సంగతి చూసుకోవాలి.

రెండో సంగతిని చాలామంది గమనించరు. వేర్వేరు కాన్ఫరెన్సుల జట్లు తలపడినప్పుడు, ఆట ఎవరి గడ్డ మీద జరిగితే వాళ్ళ కాన్ఫరెన్సు ఒప్పందమే చెల్లుతుంది. 2025 ఆగస్టు 30న టెక్సస్ తన సీజన్‌లోని మొదటి ఆటను కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో ఆడింది. మా ఇంట్లో మేనమామ ఒక వైపు, మేనకోడలు మరో వైపు అయిన ఆట అది. టెక్సస్ ఎస్.ఈ.సి. జట్టే అయినా, ఆట జరిగింది బిగ్ టెన్ గడ్డ మీద కాబట్టి ప్రసారం ఫాక్స్‌లో వచ్చింది. టెక్సస్ అభిమాని కదా అని ఈఎస్‌పీఎన్ ఒక్కటే కొనుక్కున్నవాళ్ళకు ఆ ఏడాదిలోని అతి ముఖ్యమైన ఆటల్లో ఒకటి అందులో దొరకదు. ఒహాయో స్టేట్ 14-7తో గెలిచిన ఆ ఆటను మా మేనకోడలు అదనంగా ఒక్క డాలరైనా కట్టకుండా చూసింది. దానికి కారణం యాంటెన్నా.

ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ నాలుగూ అమెరికాలో గాలిలో ఉచితంగా ప్రసారమయ్యే ఛానెళ్ళన్న సంగతి ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలకు ఎవరూ చెప్పరు. సుమారు 20, 30 డాలర్లకు దొరికే పలుచని రేకులాంటి యాంటెన్నాను కిటికీకి అంటించి, తీగను టీవీ వెనక గుచ్చి, మెనూలో ఛానెల్ స్కాన్ నొక్కితే సరిపోతుంది. మా వాళ్ళు మొదట దాన్ని టీవీ వెనక గోడకే అంటించారు. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయి, మాట ఆగి ఆగి వచ్చింది. నేను వీడియో కాల్‌లో చూస్తూ ఉండగా ఒకమ్మాయి దాన్ని పట్టుకుని వంటగది వైపు కిటికీ దాకా నడిచింది, మా మేనకోడలు టీవీ ముందు నిలబడి “ఇంకాస్త పైకి, అక్కడే ఉంచు” అంది. వెనకటికి మన డాబాల మీద దూరదర్శన్ యాంటెన్నా తిప్పుతూ “వచ్చిందా?” అని కిందికి కేక వేసినట్టే ఉంది ఆ వ్యవహారం. ఆ కిటికీ దగ్గర మళ్ళీ స్కాన్ చేయగానే ఏబీసీ, ఫాక్స్ రెండూ స్పష్టంగా వచ్చాయి. ప్రసార స్తంభాలకు దూరంగా ఉన్న ఊళ్ళలో ఇది ఇంత తేలికగా కుదరదు కాబట్టి, ఇంటి పిన్‌కోడ్ ఇచ్చి ఏయే ఛానెళ్ళు అందుతాయో ఆన్‌లైన్‌లో ముందే చూసుకోవడం మంచిది.

టెక్సస్ ఆడే పెద్ద ఆటలు చాలావరకు ఏబీసీలోనే వస్తాయి. 2025లో ఓక్లహోమా, జార్జియా, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లతో జరిగినవన్నీ అందులో వచ్చినవే. కానీ ఫ్లోరిడాతో ఆట ఈఎస్‌పీఎన్‌లో, యూటెప్‌తో (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీతో) ఆట ఆ కాన్ఫరెన్సు పేరున నడిచే ఎస్.ఈ.సి. నెట్‌వర్క్ ఛానెల్‌లో వచ్చాయి, అవి డబ్బు కట్టి చూసే ఛానెళ్ళు కాబట్టి యాంటెన్నాకు అందవు. ఈ లోటు తీర్చడానికి 2025 ఆగస్టు 21న ఈఎస్‌పీఎన్ నేరుగా అమ్మడం మొదలుపెట్టిన నెలకు 29.99 డాలర్ల ప్యాకేజీ సరిపోతుంది. ఈఎస్‌పీఎన్ ఛానెళ్ళతో పాటు ఎస్.ఈ.సి. నెట్‌వర్క్, ఏ.సి.సి. అనే ఇంకో కాన్ఫరెన్సు నెట్‌వర్క్ కూడా అందులోనే ఉంటాయి. మా మేనకోడలికి నేను చెప్పింది ఇదే: ఒక యాంటెన్నా, సీజన్ నడిచే నెలల్లో ఈఎస్‌పీఎన్ ప్యాకేజీ. ముగ్గురు రూమ్మేట్లు పంచుకుంటే తలా పది డాలర్లు.

మా మేనకోడలు అడిగిన వందకు పైగా ఛానెళ్ళ రకాన్ని, అంటే ఇంటర్నెట్ మీద టీవీ ఛానెళ్ళు చూపించే యూట్యూబ్ టీవీ వంటి పెద్ద ప్యాకేజీలను, నేను తక్కువ చేయడం లేదు. 2025 జనవరి నుంచి దాని ధర నెలకు 82.99 డాలర్లు, మన డబ్బులో ఏడు వేల రూపాయలు దాటుతుంది. ఎన్ని ఆటలైనా రికార్డు చేసుకోవచ్చు, ఒకే తెర మీద నాలుగు ఆటలు చూడవచ్చు. ఒక్క జట్టుకే పరిమితం కాకుండా శనివారం మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా అన్ని కాన్ఫరెన్సులనూ చూసేవాళ్ళకు అంతకన్నా సుఖమైనది లేదు. అయితే అంత డబ్బు కట్టినా ఛానెళ్ళు ఉంటాయన్న హామీ లేదని గుర్తుంచుకోవాలి. ఛానెల్ సంస్థకు, సర్వీసుకు మధ్య ఒప్పందం గడువు ముగిసి బేరం తెగకపోతే ప్రసారం ఆగిపోతుంది. 2023లో చార్టర్ కేబుల్‌లో, 2024లో డైరెక్ట్ టీవీలో, 2025 అక్టోబర్ 30 నుంచి నవంబర్ 14 దాకా యూట్యూబ్ టీవీలో డిస్నీ ఛానెళ్ళు అలాగే ఆగిపోయాయి. మూడుసార్లూ అది ఫుట్‌బాల్ రోజుల్లోనే జరిగింది, ఎందుకంటే ప్రేక్షకుల ఒత్తిడి పనిచేసేది అప్పుడే. టెక్సస్ 34-31తో వాండర్‌బిల్ట్‌ను ఓడించిన నవంబర్ 1 నాటి ఆట ఆ చివరి గొడవ మధ్యలోనే ఏబీసీలో వచ్చింది. కిటికీకి అంటించిన యాంటెన్నాకు ఆ గొడవతో సంబంధం లేదు. పెద్ద ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు కూడా యాంటెన్నా ఒకటి పక్కన ఉంచుకోవాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

కొలంబస్‌లో చదివేవాళ్ళకైతే నా సమాధానం మారుతుంది. అక్కడ యాంటెన్నా విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే బిగ్ టెన్ పెద్ద ఆటలు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ మూడింటిలోనూ ఉచితంగా వస్తాయి. బిగ్ టెన్ నెట్‌వర్క్ కోసం, 2025లో నెలకు 19.99 డాలర్లకు మొదలైన ఫాక్స్ వారి ఫాక్స్ వన్ యాప్ తీసుకోవచ్చు. కొన్ని ఆటలు ఎన్‌బీసీ వారి పీకాక్ యాప్‌లో మాత్రమే వస్తాయి కాబట్టి, అలాంటి ఆట ఉన్న నెలకు మాత్రమే దాన్ని తీసుకుని తర్వాత ఆపేయాలి.

సీజన్ ఆగస్టు చివర మొదలై జనవరిలో ముగుస్తుంది. ఏడాది ప్యాకేజీ చవకగా కనిపించినా, ఫుట్‌బాల్ కోసం మాత్రమే తీసుకునేవాళ్ళు నెలవారీగా కట్టి, జనవరిలో ఫైనల్ అయిన మర్నాడే రద్దు చేసుకోవాలి. రద్దు చేయకపోతే కార్డు నుంచి డబ్బు ప్రతి నెలా పోతూనే ఉంటుంది, అది ఎంతోమంది తల్లిదండ్రులు ఇక్కడ అప్పు చేసి పంపిన డబ్బు. ఆ తల్లిదండ్రులకు ఉపయోగపడే మాట ఇంకొకటి: అక్కడ తూర్పు ప్రాంత సమయం ప్రకారం మధ్యాహ్నం 12కు మొదలయ్యే ఆట మనకు శనివారం రాత్రి 9.30కు, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు మార్చుకున్నాక 10.30కు మొదలై, మూడు గంటలకు పైగా సాగుతుంది. ఆ వేళలో పిల్లలు ఫోన్ ఎత్తకపోతే కంగారు పడనక్కర లేదు.

2026 సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ జట్టు ఆస్టిన్‌కు వస్తోంది. ఈసారి ఆట ఎస్.ఈ.సి. గడ్డ మీద కాబట్టి, దాని కోసం ఫాక్స్ వన్ కొనవద్దని మా మేనకోడలికి ఇప్పటికే చెప్పాను. ధరలు మాత్రం ఆగస్టులో మళ్ళీ చూసుకోమన్నాను.