అన్నయ్య ఇంట్లో పెళ్లి ఆపిన నాలుగు రోజులు

నాకు ఫోన్ చేసింది పిల్ల కాదు, పిల్ల స్నేహితురాలు. "మీరు దాని హైదరాబాద్ అత్త కదండీ? శుక్రవారం తెల్లవారుజామున దానికి పెళ్లి. మీకు చెప్పమంది" అని పెట్టేసింది. రెండేళ్ల క్రితం మే నెల, సోమవారం రాత్రి.

పిల్ల మా పెదనాన్న కొడుకు కూతురు. ప్రకాశం జిల్లాలో ఊరు. పదో తరగతి పాసై నెల కూడా కాలేదు, పదహారేళ్లు. పెళ్లికొడుకు మా పెదనాన్న కూతురి కొడుకు, అంటే దానికి సొంత బావ. వాడికి ఇరవై ఆరు. పిల్ల నన్ను అత్తా అంటుంది, వాడు పిన్నీ అంటాడు. రెండు వైపులా నావాళ్లే. అయినా నాకు శుభలేఖ రాలేదు. అసలు వేయించనే లేదని తర్వాత తెలిసింది. అచ్చేస్తే తేదీకి సాక్ష్యం ఉంటుందని వాళ్లకీ తెలుసు.

నేను ఎమ్మేలో చదివింది మానవ శాస్త్రం. పదేళ్లు డిగ్రీ పిల్లలకు అదే చెప్పాను. ఏ సమాజం మంచిచెడ్డలు ఆ సమాజానివే, బయటి కొలతలు తెచ్చి కొలవకూడదు అనేది మాకు మొదటి పాఠం. 1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన రాస్తుంటే, అమెరికా మానవ శాస్త్రవేత్తల సంఘం సరిగ్గా ఈ మాటే రాసి పంపింది. పాశ్చాత్య దేశాల విలువలను ప్రపంచం మొత్తానికీ ఎలా అంటగడతారని అడిగింది. మెల్విల్ హెర్స్కోవిట్స్ అనే ఆయన అందులో ముఖ్యుడు. తెల్లవాళ్లు నాగరికత పేరుతో చేసిన దురాగతాలు చూసిన మనుషులు కాబట్టి వాళ్ల భయం నాకు ఎప్పుడూ న్యాయంగానే అనిపించేది. ఇప్పటికీ సగం న్యాయమే అంటాను.

కానీ ఆ రాత్రి ఆ పాఠం నాకు పనికిరాలేదు. ఆచారాన్ని గౌరవించాలి, సరే. ఎవరి ఆచారాన్ని? పెళ్లి చేస్తున్నదీ మా ఇల్లే, వద్దని కబురు పెట్టిందీ మా ఇల్లే.

పొద్దున్నే అన్నయ్యకు ఫోన్ చేశాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. "అమ్మాయ్, సంక్రాంతి పోయాక మిరపకోతలకి గుంటూరు వైపు పోతాం. మూడు నెలలు రాం. ఈడొచ్చిన పిల్లని ఎవరి దగ్గర పెట్టి పోను? ముసలమ్మకి కళ్లు కనపడవు. నువ్వు పెట్టుకుంటావా?" అన్నాడు. నాది రెండు గదుల ఇల్లు. ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఒక్క క్షణం చాలు వాడికి. "అదీ సంగతి. మేనరికమైతే కట్నం బాధ ఉండదు, మేనత్త ఇల్లే కాబట్టి ఆరళ్లు ఉండవు. మా లెక్కలు మాకున్నాయిలే" అని పెట్టేశాడు.

వాడు చెప్పిన వాటిలో ఆచారం మాట ఒక్కటే ఉంది, మిగతావన్నీ డబ్బు, భయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇలాంటి లెక్కలు ఎన్ని ఇళ్లలో వేసుకుంటున్నారో!

మంగళవారం మధ్యాహ్నం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఎప్పుడైనా అవసరపడేవాళ్ల కోసం చెబుతున్నా. పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పెళ్లి తేదీ, ఎక్కడ చేస్తున్నారు, చదివిన బడి, ఇవన్నీ అడుగుతారు. మన పేరు చెప్పకపోయినా పర్లేదన్నారు. నేను చెప్పాను. దాక్కుని చేస్తే రేపు పిల్ల మీదకు వస్తుంది, "నువ్వే చేయించావు" అని. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి. అన్న మీదే ఫిర్యాదు చేశాను మరి.

ఆ రాత్రి బస్సెక్కి బుధవారం పొద్దునకి ఊళ్లో దిగాను. పదకొండింటికి అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్, అంగన్‌వాడీ టీచర్, ఒక కానిస్టేబుల్ వచ్చారు. కానిస్టేబుల్ వస్తూనే "మేనరికమేగా మేడం, వాళ్లలో వాళ్లే చూసుకుంటార్లే" అన్నాడు. సూపర్‌వైజర్ ఆ మాట విననట్టే కూర్చుంది. అన్నయ్య ఆధార్ తెచ్చి పెట్టాడు. దాని ప్రకారం పిల్లకు 18 దాటింది! ఎప్పుడు, ఎలా మారిందో అడగలేదు. వయసు తేల్చాలంటే ముందు బడి రికార్డు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ, అవేవీ లేకపోతేనే వైద్య పరీక్ష. బాలల న్యాయ చట్టంలో వరుస ఇదీ. సెలవులైనా హెడ్మాస్టరు వచ్చి అడ్మిషన్ రిజిస్టరు తీశాడు. పదహారేళ్ల రెండు నెలలు.

అసలు గండం తర్వాత వచ్చింది. పిల్లని అందరి ముందూ "నీకిష్టమేనా?" అని అడిగారు. తల వంచుకుని "ఇష్టమే" అంది. నా గుండె జారిపోయింది. ఆ స్నేహితురాలు సొంతంగా ఫోన్ చేసిందా? నేను పొరబడ్డానా? సూపర్‌వైజర్ మాత్రం కంగారుపడలేదు. "నీళ్లు తాగుదాం పద" అని పిల్లని పెరట్లోకి తీసుకెళ్లింది. ఇరవై నిమిషాలు. తిరిగొచ్చాక ఆమె కాగితం మీద రాసుకున్నది వేరు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతానని, బావ మీద కోపమేం లేదని, ఇప్పుడొద్దని.

ఆ ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన 1948లో వచ్చింది. అందులో పెళ్లి గురించి ఉన్నది 16వ అధికరణం. యుక్తవయసు రావాలి, ఇద్దరి పూర్తి, స్వేచ్ఛాయుత సమ్మతి ఉండాలి అంటుంది. ఇది పాశ్చాత్యుల ప్రమాణమని సౌదీ అరేబియా తరఫున అభ్యంతరం చెప్పిన జమీల్ బరూడీ లెబనాన్ క్రైస్తవుడు. ఈ అధికరణాన్ని గట్టిగా సమర్థించినవారిలో ఒకరు పాకిస్తాన్ ప్రతినిధి షాయిస్తా ఇక్రాముల్లా. బాల్యవివాహాలను, బలవంతపు పెళ్లిళ్లను అడ్డుకోవడానికి పనికొస్తుందని ఆమె ఆశ. పాఠం చెప్పినన్నాళ్లూ ఈ ఇద్దరినీ ఒకరి పక్కన ఒకరిని పెట్టి చూడలేదు నేను. పెరట్లో ఒక మాట, వసారాలో ఒక మాట చెప్పిన పిల్లని చూశాకే వాళ్లు గుర్తొచ్చారు.

మా పెద్దమ్మ, అంటే పెళ్లికూతురికి నాయనమ్మ, పెళ్లికొడుక్కి అమ్మమ్మ, మంచం మీద నుంచే అందుకుంది. "నాకు పదమూడో ఏట చేశారు. చచ్చానా?" అప్పటికే చట్టం పదిహేను అంటోందని నేను చెప్పలేదు. "మీ పట్నంలో ముప్పై వచ్చినా పెళ్లి కాక ఏడుస్తున్నారే, మేమొచ్చి పోలీసుల్ని పెట్టామా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కానిస్టేబుల్ మాత్రం నవ్వాడు.

గురువారం ఒంగోలులో బాలల సంక్షేమ సమితి ముందు హాజరు. అక్క, అంటే పెళ్లికొడుకు తల్లి, దారంతా ఏడ్చింది, జైల్లో వేస్తారని. 2006 చట్టం ప్రకారం బాల్యవివాహం చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు, మైనరును చేసుకున్న మగవాడికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆడవాళ్లకు మాత్రం జైలు లేదు. ఆ చివరి ముక్క చెప్పాక అక్క ఏడుపు ఆపి, కొడుకు కోసం మళ్లీ మొదలుపెట్టింది. పెళ్లి జరగలేదు కాబట్టి కేసు పెట్టలేదు. 18 నిండేదాకా పెళ్లి చేయమని అన్నయ్యా వదినా హామీపత్రం మీద సంతకాలు పెట్టారు. పిల్లని కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్‌లో చేర్చమని రాశారు. హాస్టల్ ఉంది కాబట్టి మిరపకోతల సమస్య తీరింది. ఆ దారి ఉందని మొదటి ఫోన్‌లోనే అన్నయ్యకు చెప్పగలిగే తెలివి నాకు లేకపోయింది. ఉంటే పోలీసు గడప తొక్కేవాడు కాదేమో.

శుక్రవారం షామియానా విప్పారు. వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. ఆ డబ్బు నేనిస్తానంటే అన్నయ్య తీసుకోలేదు. అప్పటి నుంచి మాట్లాడడు. పోయిన ఏడాది పెదనాన్న సంవత్సరీకానికి వెళితే వడ్డించారు కానీ ఎవరూ పక్కన కూర్చోలేదు.

పిల్ల మొన్న సంక్రాంతి సెలవుల్లో ఫోన్ చేసింది. మార్చిలో 18 నిండుతాయట. ల్యాబ్ కోర్సు సీటు గురించి చాలాసేపు అడిగింది. చివర్లో "అత్తా, బావ ఇంకా చేసుకోలేదు తెలుసా" అంది.

"అయితే?"

"అయితే ఏముంది! మంచోడేగా. కోర్సు అయ్యాక అడిగితే చూస్తా" అని నవ్వింది.

మేనరికాల వల్ల పుట్టే పిల్లలకు వచ్చే జబ్బుల గురించి ఒక ఉపన్యాసం నా నోటిదాకా వచ్చింది. సీటు కౌన్సెలింగ్ తేదీలు కనుక్కుని చెబుతానన్నాను.