1782 నాటి టోఫు వంటకం చదవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది

ఆరేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. నవలలు చదువుతాను, వార్తలు అర్థమవుతాయి. ఆ ధైర్యంతోనే నిరుడు జపాన్ నేషనల్ డయట్ లైబ్రరీ (పార్లమెంటు గ్రంథాలయం) డిజిటల్ సేకరణలో 'తోఫు హ్యాకుచిన్' తెరిచాను. 1782లో ఒసాకాలో అచ్చయిన వంటల పుస్తకం అది. మొత్తం వంద టోఫు వంటకాలు. ఒక్క వరస కూడా చదవలేకపోయాను. ఏడుపొచ్చినంత పనైంది.

దానికి కారణం కుజుషిజి అనే రాత. మన కరణాల పాత దస్తావేజుల్లో గొలుసుకట్టు రాత చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. కుంచె ఎత్తకుండా ఒక అక్షరం ఇంకో అక్షరంలోకి జారిపోతుంది. అచ్చు పుస్తకమైనా చెక్క మీద చెక్కింది ఆ చేతిరాతనే. పైగా 'క' అనే ఒక్క ధ్వనికే, వేర్వేరు కాంజిల (చైనా నుంచి వచ్చిన అక్షరాల) నుంచి పుట్టిన రూపాలు ఎన్నో. ఒక ధ్వనికి ఒకటే హిరగానా (ధ్వనిని రాసే అక్షరం) అని బడుల కోసం ఖాయం చేసింది 1900లో. అప్పుడు పక్కకుపోయిన రూపాలనే హెంతైగానా అంటారు. 'క'ను 'గ' చేసే చుక్కలు చాలాచోట్ల పెట్టరు కూడా.

ముందు 'మివో' యాప్ పెట్టుకున్నాను. 2021లో వచ్చింది, ఉచితం. పేజీ ఫొటో తీస్తే పాత అక్షరాల మీదే ఇప్పటి అక్షరాలు వేసి చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. కానీ అది ఇచ్చేది అక్షరాలు మాత్రమే, అర్థం కాదు. చదివింది సరో కాదో తేల్చుకోవాల్సింది మనమే. నాకేమో తేల్చుకునే కన్ను లేదు.

అందుకే వెనక్కి వెళ్లి, ఒసాకా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో తెచ్చిన 'కులా' యాప్‌లో రోజుకు పది అక్షరాలు దిద్దుకున్నాను. రూపాన్ని బట్టీ పట్టడం కన్నా అది ఏ కాంజి నుంచి పుట్టిందో గుర్తుపెట్టుకోవడం నయం. 'వసంతం' కాంజి కరిగితే ఒక 'సు', 'చాలా' అనే అర్థమున్న కాంజి కరిగితే ఒక 'త'. ఇది తెలిశాక టెన్షన్ సగం తగ్గింది. అప్పటికీ పొరబాట్లు తప్పలేదు. ఒక మాట రెండుసార్లు రావాలంటే రెండోసారి రాయకుండా పొడుగ్గా ఒక గుర్తు గీస్తారు. దాన్ని 'కు' అనుకుని, లేని మాట కోసం రెండు సాయంత్రాలు నిఘంటువులు తిరగేశాను.

జపనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు. మాటలు విడదీయడానికి జపాన్ జాతీయ భాషా పరిశోధన సంస్థ వారి 'వెబ్ చామమే' వాడాను. అందులో ఏ కాలపు భాషో ఎంచుకోవాలి. ఆధునిక నిఘంటువు మీదే వదిలేసి చాలారోజులు తికమకపడ్డాను. ఈ పుస్తకం అచ్చయిన 'ఎదో' యుగానికి (1603–1868) మార్చాక వాక్యాలు ఒక దారికొచ్చాయి.

అలా మొదటి వంటకం, 'కినోమే దెంగాకు' (పుల్లలకు గుచ్చి కాల్చే టోఫు), పూర్తిగా చదివాను. పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, టోఫు కోయడమూ పుల్లలకు గుచ్చడమూ ఆ నీళ్లలోనే చేయాలట. అప్పుడు ఎంత మెత్తని టోఫు అయినా జారి పడిపోతుందన్న బెంగ ఉండదట. 'బెంగ' అన్న ఆ మాటను పాత వర్ణక్రమంలో 'ఉరెహె' అని రాశారు. దాన్ని యాప్ చూడకుండా నేనే చదివాను.

ఆదివారం స్టీలు బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, అలాగే చేసి చూశాను. ఒక్క ముక్క కూడా విరగలేదు.