చివరి వరుసలో మా తెలుగు సారు

నాటక నటుడు బళ్లారి రాఘవ గారు వకీలని నాకు తొమ్మిదో తరగతి దాకా తెలియదు. మా బళ్లారిలో ఆయన పేరున్న హాలు, రాఘవ కళామందిరం, దాని పేరు రోజూ వింటున్నా, నాటకాలే ఆయన బతుకుతెరువేమో అనుకునేవాణ్ణి. మా స్కూల్ నాటకానికి రిహార్సల్స్ చేయిస్తూ తెలుగు సారు చెప్పారు: రాఘవ గారే కాదు, ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారూ, కోలాచలం శ్రీనివాసరావు గారూ కూడా వకీళ్లేనట. పగలు కోర్టు, పొద్దుగూకితే నాటకం. ఎవరికీ అది జీతం వచ్చే పని కాదు.

ధర్మవరం వారిది సరసవినోదిని సభ, కోలాచలం వారిది సుమనోరమ సభ. ఒక్క ఊళ్లో రెండు నాటక సమాజాలంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ధర్మవరం వారి చిత్రనళీయం 1887లోనే ఇక్కడ ఆడారు. నాటకంలో పద్యాలకీ పాటలకీ అంత చోటిచ్చింది ఆయనైతే, మేనల్లుడు మాత్రం సహజంగా నటించడమే ముఖ్యమన్నారు, ఆడ వేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టారు. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి! కోలాచలం వారు రాసిన విజయనగర పతనం నాటకంలో రాఘవ గారి పఠాన్ రుస్తుం వేషం గురించి మా సారు చెబుతుంటే ఆయన గొంతే మారిపోయేది. హంపీ మనకి 60 కిలోమీటర్లే కదా, ఆ కథ చూసినవాళ్లకి అది పక్క ఊరి కథ.

మా నాటకంలో నాది వేగు వేషం, నాలుగే మాటలు. సారు ఖాళీ హాల్లో చివరి వరుసలో కూర్చునేవారు, చేతిలో చాక్‌పీసు. మాట వినపడకపోతే చెయ్యి పైకి లేపేవారు, అంతే, నోటితో ఏమీ అనేవారు కాదు. "ప్రభూ, కోట పడిపోయింది" అన్న ఒక్క ముక్క దగ్గర ఆ చెయ్యి ఎన్నిసార్లు లేచిందో. గట్టిగా అరిచినా లేచేది. అరవడం వేరు, వినిపించడం వేరు అని నాకు అర్థమయ్యేసరికి వారం పట్టింది, ఆ వారమంతా ఒకటే టెన్షన్. ఇవాళ్టికీ మీటింగులో మాట్లాడాలంటే నా చూపు ముందు చివరి కుర్చీ మీదకే పోతుంది.

రాఘవ గారు పోయింది 1946 ఏప్రిల్ 16న. కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది కూడా ఏప్రిల్ 16నే, 1848లో. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది కానీ తెలుగు నాటకం ఊరు వదిలి పోలేదు. రాఘవ గారు కన్నడంలోనూ నటించినవారే, ఆయన పేరున్న హాల్లో రెండు భాషలూ వినపడటం నాకెప్పుడూ సహజంగానే అనిపించింది.

మన బ్యాచ్‌లో ఎవరి దగ్గరైనా ఆ నాటకం ఫోటో ఉంటే ఈసారి కలిసినప్పుడు తప్పకుండా తీసుకురండి. స్టేజీ మీద మనం ఎలా ఉన్నామో చూడాలని కాదు, వెనక వరుసలో సారు కూడా ఫోటోలో పడ్డారేమోనని.