క్యాష్‌బ్యాక్ కార్డు, లారీ డీజిల్

సొంత లారీ పేరున ఒక బిజినెస్ క్రెడిట్ కార్డు తీసుకుందామని బ్యాంకుల షరతుల కాగితాలు ముందేసుకున్నాను. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఐదు శాతం క్యాష్‌బ్యాక్. లోపల చీమతలంత అక్షరాలతో, ఇంధనానికి వర్తించదు. లారీవాడికి డీజిల్ కాక ఇంకేమి ఖర్చు ఉంటుందని వీళ్ల ఉద్దేశం? సినిమా టికెట్లా?

పోనీ, బంకులో కార్డు గీస్తే పడే ఒక శాతం అదనపు రుసుముకు, అదే సర్‌చార్జికి, మినహాయింపు ఉంది కదా అనుకుంటే, చాలా కార్డుల్లో అది ఐదు వేల లోపు బిల్లులకే. ఆ డబ్బుకు కారు ట్యాంకు నిండుతుంది, మా బండికి అడుగు తడుస్తుంది. ట్యాంకు నిండా కొట్టిస్తే బిల్లు పాతిక వేలు దాటుతుంది మరి.

నిజానికి నాకు క్యాష్‌బ్యాక్ కంటే గడువు ముఖ్యం. సరుకు దిగిన రసీదు చేరాక గానీ మిగతా కిరాయి చేతికి రాదు, బంకులో మాత్రం అప్పటికప్పుడే కట్టాలి. కార్డు నలభై అయిదు రోజుల వరకు ఊపిరి ఇస్తుంది. తేదీ దాటితే నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ. దాని ముందు ఏ క్యాష్‌బ్యాక్ నిలుస్తుంది? ఏటీఎంలో నగదు తీస్తే ఆ గడువు కూడా ఉండదు, కాబట్టి డ్రైవర్ బత్తా దీని నుంచి తీయకూడదు.

చివరికి డీజిల్‌కు ఆయిల్ కంపెనీ లారీల వాళ్ల కోసం ఇచ్చే ఫ్లీట్ కార్డు, టైర్లకూ విడిభాగాలకూ వార్షిక రుసుము లేని మామూలు కార్డు అని తేల్చుకున్నాను. ఆటోనగర్ టైర్ల కొట్టాయన మాత్రం కార్డు గీస్తే రెండు శాతం అదనం అంటున్నాడు. బేరం ఇంకా నడుస్తోంది.